ఎంజీ, ట్రయంఫ్: డెబ్భై ఏళ్లు దాటినా తగ్గని దోస్తీ పోటీ

బ్రిటన్ పాత స్పోర్ట్స్ కార్ల గురించి మాట ఎత్తితే ముందుగా వినిపించే పేర్లు రెండు. ఒకటి ఎంజీ, రెండోది ట్రయంఫ్. ఈ రెండు కంపెనీల అసలు ఫ్యాక్టరీలు ఎప్పుడో మూతపడ్డాయి. కానీ ఆ బండ్లను నేటికీ ఇంట్లో పెట్టుకుని చూసుకునే యజమానుల మధ్య పోటీ మాత్రం ఆగలేదు. ఎవరి ఇంజిన్ గట్టిది, ఎవరి బాడీ బలమైనది, కొండ ఎక్కేటప్పుడు ఎవరు ముందుంటారు అనే వాదన ప్రతి ఎండాకాలం మైదానాల్లో మళ్లీ మొదలవుతుంది. సాయంత్రానికి అదే మనుషులు ఒకరి బండికి ఒకరు పానా అందిస్తూ కనిపిస్తారు.

ఈ పోటీ ఎలా పుట్టింది, ఎందుకు బతికి ఉంది, మన అంబాసిడర్‌కూ స్టాండర్డ్ హెరాల్డ్‌కూ దీనితో ఉన్న చుట్టరికం ఏమిటి అన్నది ఈ వ్యాసం.

స్పోర్ట్స్ కారు అంటే

ఇక్కడ స్పోర్ట్స్ కారు అంటే కోట్ల ధర పలికే రేసు కారు కాదు. రెండే సీట్లు, తీసేసే వీలున్న పైకప్పు, తక్కువ ఎత్తు, చిన్న ఇంజిన్ ఉన్న బండి. మధ్యతరగతి ఉద్యోగి కొంచెం కష్టపడితే కొనగలిగేది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్ ఇలాంటి కార్లను లక్షల సంఖ్యలో తయారు చేసింది. వాటిలో ఎక్కువ భాగం అమెరికాకు వెళ్లాయి. యుద్ధం వల్ల అప్పుల్లో ఉన్న బ్రిటన్‌కు డాలర్లు కావాలి. అందుకే విదేశాలకు ఎగుమతి చేసే కంపెనీలకే ప్రభుత్వం ఉక్కు కేటాయింపులో పెద్దపీట వేసింది.

ఎంజీ కథ

ఎంజీ అంటే మోరిస్ గ్యారేజెస్. విలియం మోరిస్‌కు ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న కార్ల షాపు పేరు అది. 1920ల్లో దాని మేనేజర్ సెసిల్ కింబర్ మామూలు మోరిస్ కార్లను తీసుకుని, అందంగా, వేగంగా ఉండేలా మార్చి అమ్మడం మొదలుపెట్టాడు. గిరాకీ పెరగడంతో 1929లో ఆక్స్‌ఫర్డ్‌కు దగ్గర్లోని అబింగ్డన్ అనే చిన్న ఊరికి మారారు. అక్కడ తోలు ఫ్యాక్టరీకి చెందిన భవనంలో ఎంజీ కార్ఖానా నడిచింది.

యుద్ధం ముగిసిన ఏడాదే, 1945లో, ఎంజీ టీసీ వచ్చింది. 1949 వరకు సుమారు 10 వేలు తయారయ్యాయి. ఆ తర్వాత టీడీ, టీఎఫ్ మోడళ్లు, 1955లో ఎంజీఏ, 1962లో ఎంజీబీ వచ్చాయి. ఎంజీఏ లక్ష దాటింది. ఎంజీబీ 1980 వరకు 5 లక్షలకు పైగా తయారైంది.

ఎంజీ అభిమానులు మురిసిపోయే చిన్న విషయం ఒకటుంది. అబింగ్డన్ ఫ్యాక్టరీ టెలిఫోన్ నంబర్ 251. అందుకే చాలా మోడళ్లలో మొదటి బండి ఛాసిస్ నంబర్ 1 నుంచి కాకుండా 0251 నుంచి మొదలయ్యేది.

ట్రయంఫ్ కథ

ట్రయంఫ్‌ను స్థాపించింది ఇంగ్లండ్ మనిషి కాదు. జర్మనీలోని న్యూరెంబర్గ్ నుంచి బతుకుతెరువు కోసం వచ్చిన సీగ్‌ఫ్రీడ్ బెట్‌మన్. కోవెంట్రీ నగరంలో సైకిళ్లతో మొదలై, 1902లో మోటార్ సైకిళ్లు, 1923లో కార్లు తయారు చేశారు. ఈ వలస వ్యాపారి 1913లో ఆ నగరానికి మేయర్ కూడా అయ్యాడు.

1936లో మోటార్ సైకిళ్ల వ్యాపారం వేరే యజమాని చేతికి పోయింది. కాబట్టి ఈ రోజు మన రోడ్ల మీద కనిపించే ట్రయంఫ్ బైకులకూ, ఈ కార్లకూ పేరు, పుట్టిల్లు ఒకటేగానీ కంపెనీలు వేరు. 1939లో కార్ల కంపెనీ దివాలా తీసింది. 1944లో స్టాండర్డ్ మోటార్ కంపెనీ దాన్ని కొనేసింది.

స్టాండర్డ్ అధిపతి సర్ జాన్ బ్లాక్‌కు సొంత స్పోర్ట్స్ కారు కావాలన్న కోరిక ఉండేది. తాము ఇంజిన్లు సరఫరా చేస్తున్న మోర్గాన్ కంపెనీని కొనేందుకు ప్రయత్నించాడు. వాళ్లు అమ్మం అన్నారు. అయితే మేమే తయారు చేస్తాం అని పట్టుపట్టాడు. 1952 అక్టోబర్‌లో లండన్ మోటార్ షోలో మొదటి నమూనా పెట్టారు. టెస్ట్ డ్రైవర్ కెన్ రిచర్డ్‌సన్ దాన్ని నడిపి చూసి, ఇది ప్రాణం తీసే బండి అని మొహం మీదే చెప్పాడు. కంపెనీ కోపం తెచ్చుకోలేదు. సరిచేసే పని ఆయనకే అప్పగించింది. కొన్ని నెలలు కష్టపడి ఛాసిస్ దగ్గర్నుంచి మార్చారు. 1953 మేలో బెల్జియంలోని జబెక్ హైవే మీద అదే రిచర్డ్‌సన్ టీఆర్2 కారును గంటకు 124 మైళ్లు, అంటే దాదాపు 200 కిలోమీటర్ల వేగంతో నడిపాడు.

అదే 1952 షోలో డోనల్డ్ హీలీ తన కొత్త కారును ప్రదర్శించాడు. ఆస్టిన్, మోరిస్ కలిసి ఏర్పడిన బీఎంసీ అధిపతి లెనార్డ్ లార్డ్ దాన్ని మెచ్చి అప్పటికప్పుడు ఒప్పందం చేసుకున్నాడు. అదే ఆస్టిన్-హీలీ 100. దీంతో అదే సంస్థలో ఉన్న ఎంజీ ఇంజినీర్లు సిద్ధం చేసుకున్న కొత్త నమూనా పక్కకు పోయింది. అది ఎంజీఏగా బయటకు రావడానికి 1955 దాకా ఆగాల్సి వచ్చింది. కాబట్టి ఎంజీ వాళ్లకు హీలీ వాళ్లతోనూ ఒక పాత లెక్క ఉంది. ఒకే ఇంట్లో అన్నదమ్ముల పేచీ లాంటిది అది.

వాదనలు ఏమిటి

మొదటి వాదన ఇంజిన్ మీద. టీఆర్2లో 1991 సీసీ ఇంజిన్ ఉండేది. దాని మూలం స్టాండర్డ్ వాన్‌గార్డ్ కారు. అదే కుటుంబానికి చెందిన ఇంజిన్‌ను స్టాండర్డ్ కంపెనీ తాను తయారు చేసిన ఫెర్గూసన్ ట్రాక్టర్‌కు కూడా వాడింది. అందుకే ఎంజీ వాళ్లు ట్రయంఫ్ పక్కకు వచ్చి, పొలం ఎంతవరకు దున్నావు అని అడుగుతారు. ట్రయంఫ్ వాళ్ల జవాబు కూడా రెడీగా ఉంటుంది. ట్రాక్టర్ ఇంజిన్ అయితేనేం, 90 హార్స్ పవర్ ఇచ్చింది, రెండేళ్ల తర్వాత వచ్చిన మీ ఎంజీఏ 70 దగ్గరే ఆగిపోయింది కదా అంటారు.

రెండో వాదన బాడీ మీద. ఎంజీబీకి విడిగా ఛాసిస్ ఉండదు. బాడీ, ఛాసిస్ కలిసి ఒకే ముక్క. ట్రయంఫ్ టీఆర్6 వరకు పాత పద్ధతిలో విడి ఛాసిస్ మీద బాడీని బోల్టులతో బిగించారు. మా బండి గట్టిగా ఉంటుంది, గతుకుల్లో వణకదు అని ఎంజీ వాళ్లంటారు. తుప్పు పడితే మేం బాడీ లేపి పక్కన పెట్టి ఛాసిస్ బాగు చేసుకుంటాం, మీరేం చేస్తారు అని ట్రయంఫ్ వాళ్లంటారు. నిజానికి రెండు మాటల్లోనూ న్యాయం ఉంది.

మూడోది అద్దాల సంగతి. 1961లో వచ్చిన టీఆర్4లో చేత్తో తిప్పితే పైకీ కిందికీ కదిలే డోరు అద్దాలు ఇచ్చారు. అంతకుముందు ఎంజీఏ ఓపెన్ కారులో వాన వస్తే విడి తెరలు తగిలించుకోవాల్సిందే. ఎంజీకి ఈ సౌకర్యం మరుసటి ఏడాది ఎంజీబీతో వచ్చింది. ఆ ఒక్క ఏడాది తేడాను ట్రయంఫ్ వాళ్లు ఇప్పటికీ గుర్తు చేస్తుంటారు.

నాలుగోది లే మాన్స్. ఫ్రాన్స్‌లో 24 గంటలు ఆగకుండా సాగే ఈ రేసులో 1961లో ట్రయంఫ్ మూడు కార్లు దించింది. మూడూ చివరిదాకా నిలిచి 9, 11, 15 స్థానాల్లో వచ్చి టీమ్ బహుమతి గెలిచాయి. ఎంజీ వాళ్లు చెప్పుకునేది 1963 సంగతి. ఆ ఏడాది వాళ్ల ఎంజీబీ మొదట్లోనే ఇసుకలో కూరుకుపోయింది. డ్రైవర్ ఒక్కడే గంటకు పైగా తవ్వి బయటకు తీశాడు. అంత సమయం పోయినా ఆ కారు 12వ స్థానంలో రేసు పూర్తి చేసింది.

సొంత గూటిలోనూ గొడవలు

పోటీ రెండు జట్ల మధ్యే అనుకుంటే పొరపాటు. 1974లో అమెరికా భద్రతా నిబంధనల కోసం ఎంజీబీకి మెరిసే క్రోమ్ బంపర్లు తీసేసి నల్లటి రబ్బరు బంపర్లు పెట్టారు. బండి ఎత్తు కూడా పెంచారు. క్రోమ్ బంపర్ యజమానులు రబ్బరు బంపర్ వాళ్లను చాలాకాలం చిన్నచూపు చూశారు. ధర తక్కువ కావడంతో కొత్తగా ఈ షౌక్‌లోకి వచ్చే కుర్రాళ్లు కొనుక్కున్నది మాత్రం ఎక్కువగా ఆ రబ్బరు బంపర్ కార్లనే.

ట్రయంఫ్ ఇంట్లో తగాదా టీఆర్7 గురించి. 1975లో చీలిక ఆకారంలో, పైకప్పుతో వచ్చిన ఈ కారును పాత టీఆర్ వాళ్లు మొదట్లో తమదిగా ఒప్పుకోలేదు. లివర్‌పూల్ దగ్గరి స్పీక్ ఫ్యాక్టరీలో నాణ్యత సమస్యలు, సమ్మెలు దాని పేరు మరింత చెడగొట్టాయి. ఇప్పుడు అది కూడా క్లాసిక్ అయింది, మేళాల్లో దానికీ చోటు దొరికింది.

ఒకే గొడుగు కిందికి

1968లో బ్రిటన్ కార్ల పరిశ్రమ చాలావరకు బ్రిటిష్ లేలాండ్ అనే ఒకే సంస్థలో కలిసింది. అప్పటిదాకా బజారులో పోటీ పడిన ఎంజీ, ట్రయంఫ్ ఒకే యజమాని కిందికి వచ్చాయి. లేలాండ్ అప్పటికే ట్రయంఫ్ యజమాని. కొత్త స్పోర్ట్స్ కారు ఎవరిది కావాలి అన్న ప్రశ్న వచ్చినప్పుడు డబ్బంతా టీఆర్7కు వెళ్లింది. ఎంజీబీకి వారసుడు రాలేదు. పాత మోడలే 1980 దాకా సాగింది. ఎంజీ అభిమానుల మనసులో ఇది ఇప్పటికీ ముల్లే.

1979 సెప్టెంబర్‌లో అబింగ్డన్ ఊరంతా ఎంజీ వచ్చి 50 ఏళ్లు అయిన సందర్భంగా వేడుకలు చేసుకుంది. ఆ వెంటనే సోమవారం, సెప్టెంబర్ 10న, అక్కడ ఎంజీ తయారీ ఆపేస్తున్నట్టు కంపెనీ ప్రకటించింది. పౌండ్ విలువ పెరగడంతో అమెరికాలో అమ్మే ప్రతి ఎంజీబీ మీదా నష్టం వస్తోందన్నది కంపెనీ చెప్పిన లెక్క. యజమానులు నిరసన తెలిపారు. ఆస్టన్ మార్టిన్ పెద్దల బృందం ఒకటి ఎంజీని కొనేందుకు ముందుకొచ్చినా బేరం కుదరలేదు. 1980 అక్టోబర్‌లో చివరి ఎంజీబీ బయటకు వచ్చింది. వెయ్యి మందికి పైగా కార్మికులు పని కోల్పోయారు.

ట్రయంఫ్ గెలిచిందా అంటే అదీ లేదు. 1980లోనే కోవెంట్రీలోని కాన్లీ ఫ్యాక్టరీలో కార్ల తయారీ ఆగింది. 1981లో టీఆర్7 కూడా ఆగిపోయింది. ఒకరి వాటా తీసుకున్నా రెండో వారు పట్టుమని రెండేళ్లు నిలవలేదు. ఆ తర్వాత రెండు జట్ల యజమానులదీ ఒకే పరిస్థితి. చేతిలో బండి ఉంది, తయారు చేసిన కంపెనీ లేదు.

పోటీ ఎలా పెడతారు

ఈ కార్ల పోటీలు చాలా రకాలు. అందరూ అనుకునేట్టు వేగమే ముఖ్యం కాదు.

కాంకూర్: బండి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజున ఎలా ఉందో ఇప్పుడూ అలా ఉందా అని జడ్జీలు చూస్తారు. రంగు, సీటు బట్ట, పైపుల క్లిప్పుల వరకు పరీక్షిస్తారు. తప్పు కనిపిస్తే మార్కులు కోస్తారు.

హిల్ క్లైంబ్: కొండ దారి మీద ఒక్కొక్క బండీ విడివిడిగా, గడియారంతో పోటీ పడుతుంది. ఇంగ్లండ్‌లోని షెల్‌స్లీ వాల్ష్‌లో ఇది 1905 నుంచి జరుగుతోంది.

ఆటోటెస్ట్: ఖాళీ స్థలంలో కోన్‌లు పెట్టి, వాటి మధ్య నుంచి ముందుకీ వెనక్కీ తిప్పాలి. కోన్ తగిలితే పెనాల్టీ.

రెగ్యులారిటీ ర్యాలీ: చెప్పిన సగటు వేగాన్ని సెకన్ల లెక్కన పాటించాలి. ముందుగా వచ్చినా తప్పే, ఆలస్యంగా వచ్చినా తప్పే. పక్క సీట్లో మ్యాప్ పట్టుకుని లెక్క చూసే మనిషి సరిగ్గా లేకపోతే ఎంత మంచి డ్రైవర్ అయినా ఓడిపోతాడు. అందుకే భార్యాభర్తలు, తండ్రీకూతుళ్లు జట్టుగా దిగడం మామూలు.

ఈ పోటీలకు రాయని నియమాలు కొన్ని ఉన్నాయి. బ్రాండ్‌ను ఎంతైనా ఎగతాళి చేయొచ్చు. ఒక మనిషి తన చేతులతో చేసుకున్న పనిని మాత్రం వెక్కిరించకూడదు. రోడ్డు పక్కన ఎవరి బండి ఆగిపోయినా, అది ఎదుటి జట్టుదైనా సరే, ఆపి అడగాలి. డిక్కీలోని స్పేర్ పార్ట్ పనికొస్తే ఇచ్చి రావాలి. ఇవ్వడం కుదురుతుంది కూడా. ఎందుకంటే రెండు కంపెనీలూ వైరింగ్ లూకాస్ దగ్గర, కార్బ్యురేటర్లు చాలావరకు ఎస్‌యూ దగ్గర కొనేవి. రాత్రి లైట్లు ఆరిపోయినప్పుడు లూకాస్ మీద వేసే జోకులు ఇద్దరికీ ఒకటే. అలాగే ఆయిల్ కారడం గురించి. కింద ఆయిల్ చుక్క పడలేదంటే లోపల ఆయిల్ అయిపోయిందని అర్థం అని ఇద్దరూ చెప్పుకుని నవ్వుకుంటారు.

పోటీ వల్ల బతికిన బండ్లు

ఎంజీ కార్ క్లబ్ 1930లోనే మొదలైంది. దాని ఆఫీసు ఇప్పటికీ అబింగ్డన్‌లో పాత ఫ్యాక్టరీ పక్కనే ఉంది. ట్రయంఫ్ వాళ్ల టీఆర్ రిజిస్టర్ 1970లో, ఎంజీ ఓనర్స్ క్లబ్ 1973లో, స్పిట్‌ఫైర్, హెరాల్డ్ వంటి చిన్న ట్రయంఫ్‌ల కోసం ట్రయంఫ్ స్పోర్ట్స్ సిక్స్ క్లబ్ 1977లో వచ్చాయి.

ఫ్యాక్టరీలు మూతపడ్డాక ఈ క్లబ్బులే పాత డ్రాయింగులు దాచాయి. ఏ నంబర్ బండి ఏ రంగులో వచ్చిందో రికార్డులు భద్రపరిచాయి. ఒక జట్టు తన కారుకు దొరకని పార్టును కొత్తగా తయారు చేయిస్తే, రెండో జట్టు మేమెందుకు వెనకబడాలి అని తమకు కావల్సింది చేయించుకుంది. 1988లో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ పాత అచ్చులనే వెతికి తీసి ఎంజీబీ బాడీని కొత్తగా తయారు చేయడం మొదలుపెట్టింది. ఇది ఈ రంగంలో పెద్ద మలుపు. తుప్పు పట్టి స్క్రాప్‌కు పోవాల్సిన వందల కార్లు కొత్త ఒంటితో రోడ్డెక్కాయి.

వ్యాపారం లెక్కన చూస్తే కారణం సులువుగానే అర్థమవుతుంది. ఎక్కువ మంది యజమానులు ఉంటేనే పార్టు తయారు చేసేవాడికి గిట్టుబాటు. పోటీ ఉంటేనే యజమానులు బండిని బయటకు తీస్తారు, ఖర్చు పెడతారు. షెడ్డులో దుప్పటి కప్పిన కారు ఎవరికీ పని ఇవ్వదు.

ఇప్పటి సమస్యలు

బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటిన కార్లకు రోడ్డు పన్ను లేదు. 2018 నుంచి ఏటా చేయించే ఫిట్‌నెస్ పరీక్ష నుంచి కూడా చాలావాటికి మినహాయింపు ఇచ్చారు. అయినా కష్టాలు ఉన్నాయి. 2021లో అక్కడ 10 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ మామూలు పెట్రోల్ అయింది. ఇథనాల్ పాత రబ్బరు పైపులనూ, సీళ్లనూ పాడు చేస్తుంది. అందుకే చాలామంది ఎక్కువ ధర పెట్టి ఇథనాల్ తక్కువున్న పెట్రోల్ కొంటున్నారు. 20 శాతం ఇథనాల్ పెట్రోల్ వచ్చిన మన దగ్గర పాత బండ్ల వాళ్లకు ఈ బాధ చెప్పాల్సిన పని లేదు.

అసలైన భయం వేరే ఉంది. కార్బ్యురేటర్ చప్పుడు విని లోపం చెప్పగల ఉస్తాద్‌లు ముసలివాళ్లవుతున్నారు. కొత్త మెకానిక్‌లకు కంప్యూటర్ తగిలించి చూడటం తెలుసుగానీ, రెండు కార్బ్యురేటర్లను చెవితో సరిచూడటం రాదు. ఆ విద్య పుస్తకం చదివితే వచ్చేది కాదు, పక్కన నిలబడి నేర్చుకోవాల్సింది. ఎదుటి జట్టు కుర్రాడికైనా సరే పని నేర్పే పెద్దలు మేళాల్లో కనిపించడానికి కారణం ఇదే.

మన ఇంటి చుట్టరికం

ఈ కథ మనకు అంత దూరం కాదు. హిందుస్తాన్ మోటార్స్ అంబాసిడర్‌లో దశాబ్దాల పాటు నడిచిన 1489 సీసీ ఇంజిన్ బీఎంసీ బీ-సిరీస్ కుటుంబానిది. మొదటి ఎంజీఏలో ఉన్నదీ అదే 1489 సీసీ ఇంజిన్ రకమే. కొంచెం పెంచి 1798 సీసీ చేస్తే ఎంజీబీ ఇంజిన్ అయింది. అంటే మన పాత అంబాసిడర్ టాక్సీ, అబింగ్డన్ స్పోర్ట్స్ కారు దగ్గరి బంధువులు.

మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ 1960ల్లో తయారు చేసిన స్టాండర్డ్ హెరాల్డ్ అసలు ట్రయంఫ్ హెరాల్డే. ఇటలీకి చెందిన జొవానీ మికెలోట్టి గీసిన డిజైన్ అది. అదే మికెలోట్టి, హెరాల్డ్ ఛాసిస్‌ను కుదించి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారును రూపొందించాడు. ఇక మన పల్లెల్లో కనిపించే మాస్సీ ఫెర్గూసన్ ట్రాక్టర్ పేరులోని ఫెర్గూసన్, టీఆర్2 ఇంజిన్‌ను ఎంజీ వాళ్లు వెక్కిరించే ఆ ట్రాక్టర్ మనిషే.

ఎంజీ పేరు ఇప్పుడు చైనాకు చెందిన సాయిక్ సంస్థది. 2019 నుంచి గుజరాత్‌లోని హలోల్‌లో తయారైన ఎంజీ కార్లు మన దగ్గర అమ్ముడవుతున్నాయి. ట్రయంఫ్ కార్ల పేరు మీద హక్కులు జర్మనీ కంపెనీ బీఎండబ్ల్యూ దగ్గరున్నాయి.

దాదాగారి కాలం నాటి హెరాల్డో, అంబాసిడరో ఇంకా ఇంట్లో ఉంటే, స్క్రాప్‌కు వేసేముందు ఒక విషయం తెలుసుకోవడం మంచిది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన, పెద్దగా మార్పులు చేయని బండ్లను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసే నిబంధనలను కేంద్రం 2021లో తెచ్చింది. నంబర్‌లో రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అనే అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20 వేలు, తర్వాత మళ్లీ చేయించుకోవాలంటే 5 వేలు ఫీజుగా పెట్టారు. రిజిస్ట్రేషన్ పదేళ్లు చెల్లుతుంది. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోల్ పోయించుకోవడానికి రోడ్డెక్కించొచ్చు. రోజువారీ తిరగడానికి, కిరాయికి మాత్రం కుదరదు. ముందుగా పాత ఆర్సీ కాగితం భద్రంగా ఉందో లేదో చూసుకోవాలి. ఇంజిన్ నంబర్, ఛాసిస్ నంబర్ ఆ కాగితంతో సరిపోతేనే మిగతా పని సాఫీగా సాగుతుంది.